కారు వ్యాక్స్: రంగుకు తగ్గది, పూతకు తగ్గది

కారు వ్యాక్స్ అంటే కారు ఒంటి మీద పలచగా రుద్ది, ఆరాక మెత్తటి గుడ్డతో తుడిచేసే మైనపు ముద్ద లేదా ద్రవం. తుడిచాక మిగిలే పొర కంటికి ఆనదు. దాని మందం ఒక మైక్రాన్‌కు లోపే. రంగు మీది సన్నటి గరుకును పూడ్చి వెలుతురు చెదరకుండా చేస్తుంది గనుక మెరుపు పెరుగుతుంది. నీళ్ళు, దుమ్ము, పిట్టల రెట్ట నేరుగా రంగుకు అంటకుండా కొన్నివారాలో కొన్నినెలలో అడ్డు నిలుస్తుంది.

వాడుకలో వ్యాక్స్, పాలిష్ కలిసిపోయాయి. వాటర్ సర్వీసింగ్ షెడ్డుకు వెళ్ళి ‘వ్యాక్స్ చెయ్యి’ అన్నా, ‘పాలిష్ కొట్టు’ అన్నా అల్మరాలోంచి ఒకే డబ్బా బయటికొస్తుంది. కానీ రెంటికీ నలుగు పెట్టడానికీ నూనె రాయడానికీ ఉన్నంత తేడా ఉంది. పాలిష్‌లో రాపిడి పొడి ఉంటుంది; అది రంగును పిసరంత అరగదీసి నునుపు చేస్తుంది. షెడ్లలో ‘రబ్బింగ్’ అనేది ఇంకా ముతక పని. వ్యాక్స్ దేన్నీ తీసెయ్యదు, ఉన్నదాని మీద ఒక పొర చేరుస్తుంది. రెండూ కలిపిన ‘క్లీనర్ వ్యాక్స్’లు కూడా ఉన్నాయి. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనడం మంచిది.

ఏ రంగుకు ఏ వ్యాక్స్ అన్నది కొనేవాళ్ళందరూ అడిగే ప్రశ్న. తెల్ల కార్లకు, నల్ల కార్లకు అని విడివిడిగా సీసాలు అమ్మేవాళ్ళూ ఉన్నారు. నిజానికి రంగు చెప్పేది ఏ లోపం ముందు కంటబడుతుందో మాత్రమే. ఏ వ్యాక్స్ నప్పుతుందో, ఎన్నాళ్ళు నిలుస్తుందో తేల్చేవి రంగు మీదున్న పూత, బండి నిలబడే చోటు. ఆ చోటు సంగతికి పల్నాడు జిల్లా నూజెండ్లను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. వినుకొండ నియోజకవర్గంలోని ఈ మండల కేంద్రం 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. మెట్ట ప్రాంతం, ఎండలు ఎక్కువ. జిల్లాలోనే ఉన్న రెంటచింతల ఎండాకాలం వచ్చిందంటే వాతావరణ వార్తల్లో ఉండాల్సిందే. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, మాచర్ల నాపరాయికి, సిమెంటుకు పేరుపడ్డాయి. నేల కింద సున్నపురాయి ఉన్న సీమలో బోరు నీళ్ళు ఎలా ఉంటాయో బకెట్ అంచు చూస్తేనే తెలుస్తుంది. ఇళ్ళ ముందు తెల్ల కార్లు, ఎర్ర ట్రాక్టర్లు, వాటి మీద వేపచెట్టు నీడ. వ్యాక్స్ ఎంపిక ఈ ముంగిట్లోనే మొదలవ్వాలి.

పూత కింద పూత

నేటి కారు రేకు మీద నాలుగు పొరలు ఉంటాయి. తుప్పు పట్టకుండా విద్యుత్తుతో పట్టించిన అడుగు పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్‌కోట్, అన్నిటికీ పైన రంగులేని క్లియర్‌కోట్. అన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకల మందం. అందులో క్లియర్‌కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు ఈ పై పొరలోనే ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు రబ్బింగ్ చేయించే ఆసామి మెరుపు కొనుక్కుంటున్నానని అనుకుంటూ ఈ గొడుగును అరగదీయిస్తున్నాడన్నమాట.

మొదటి నుంచీ ఇలా లేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కోసం తయారైన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. మహబూబ్ అలీఖాన్ కోసమని తయారై, ఆయన పోయాక 1912లో వచ్చిన కారు అది. ఆ కాలపు బళ్ళకు గుర్రపు బగ్గీలకు వేసినట్టే నూనె రంగు, వార్నిష్ కుంచెతో పొర మీద పొర వేసేవారు. ఆరడానికి వారాలు పట్టేది. హెన్రీ ఫోర్డ్ 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ కారును నల్లరంగులోనే అమ్మాడు. 1920ల మధ్యలో డూపాంట్ కంపెనీ ‘డూకో’ అనే నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను తెచ్చాక వారాల పని రోజుల్లోకి వచ్చింది, రకరకాల రంగులూ వచ్చాయి. ఆ పేరు మన దగ్గర ఎంత పాతుకుపోయిందంటే, కారుతో సంబంధం లేని బీరువాకు మెరుపు రంగు వేయించినా ‘డూకో కొట్టించాం’ అంటారు.

లాకర్లు, వాటి వెనక వచ్చిన ఎనామెళ్ళు ఒకే పొర రంగులు. రంగుపొడి పైనే ఉంటుంది, దానిమీద కప్పు లేదు. ఎండకు బంధకం చిట్లి రంగుపొడి సున్నంలా రాలడం వీటి జబ్బు. దేశంలో 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్లలో పాతవాటిని చేత్తో తడిమితే అరచేతికి రంగు అంటేది అందుకే. ఆ రోజుల్లో వ్యాక్స్ పెట్టడం సోకు కోసం కాదు, రంగు బతకడం కోసం. 1980ల తర్వాత క్లియర్‌కోట్ ప్రపంచమంతా వ్యాపించాక ఆ అవసరం తగ్గింది. ఇవాళ్టికీ ఒకే పొర రంగుతో తిరిగేవి ట్రాక్టర్లు, ట్రాలీలు, చాలా ఆటోలు, పాత జీపులు, ఊళ్ళో షెడ్డులో మళ్ళీ రంగు వేయించిన బళ్ళు కొన్ని. షెడ్డువాళ్ళు ‘ఎన్‌సీ’ అంటే నైట్రోసెల్యులోజ్ రంగు; ‘పీయూ’ అంటే గట్టిపడే ద్రవం కలిపి వేసే పాలీయురెథేన్ రంగు. ఎన్‌సీ చవక, తొందరగా ఆరుతుంది, మెరుపు మాత్రం త్వరగా చస్తుంది.

తన బండి మీద ఏ పూత ఉందో తెలియనివాళ్ళకు ఒక తేలిక పరీక్ష ఉంది. డోరు లోపలి అంచులాంటి మరుగు చోట తెల్లటి బనీను గుడ్డతో రవ్వంత పాలిష్ అద్ది నాలుగుసార్లు రుద్దాలి. గుడ్డకు బండి రంగు దిగితే ఒకే పొర పూత. మురికి తప్ప మరే రంగూ అంటకపోతే క్లియర్‌కోట్. ఇంటి ముందు ఎర్ర ట్రాక్టరూ తెల్ల కారూ పక్కపక్కనే ఉన్నవాళ్ళు రెంటి మీదా ఇది చేసి చూడొచ్చు. ట్రాక్టరు బానెట్ మీద రుద్దిన గుడ్డ కుంకుమ భరిణెలో ముంచినట్టు వస్తుంది. రెంటికీ ఒకే డబ్బా ఎందుకు పనికిరాదో ఆ గుడ్డే చెబుతుంది.

డబ్బాలో ఏముంది

వ్యాక్స్‌లలో పెద్దపీట కార్నౌబాది. బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాలు పియావీ, సియారాల్లో పెరిగే ఒకరకం తాటిజాతి చెట్టు ఆకు మీది మైనం ఇది. అనావృష్టి సీమలో ఆకులోని తడి ఎగిరిపోకుండా చెట్టు తనకు తాను పూసుకున్న లేపనం. ఆకులు కోసి ఎండబెట్టి కొడితే పొడిలా రాలుతుంది. దాన్ని కరిగించి వడగడతారు. లేత ఆకుల మైనం లేత పసుపు, ముదురు ఆకులది ముదురు రంగు. ప్రకృతిలో దొరికే మైనాల్లో ఇంత గట్టిది మరొకటి లేదంటారు. 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. మందుబిళ్ళల మీద, చాక్లెట్ల మీద మెరిసే పూత కూడా ఇదే కాబట్టి కారున్నా లేకున్నా కార్నౌబా కడుపులోకి వెళ్ళని మనిషి అరుదు.

‘నూరుశాతం కార్నౌబా’ అని డబ్బా మీద రాసి ఉంటే ఉన్న కార్నౌబా అంతా మేలురకమని చెప్పుకుంటున్నారని అర్థం చేసుకోవాలి గాని, డబ్బాలో మరేమీ లేదని కాదు. ఒట్టి కార్నౌబా రాయిలా ఉంటుంది, గుడ్డకు అంటదు. దాన్ని మెత్తబరచడానికి ద్రావకాలు, నూనెలు, సిలికోన్, ఇతర మైనాలు కలుపుతారు. అలా కలిసే వాటిలో 62 నుంచి 64 డిగ్రీలకే కరిగే తేనెమైనం ఒకటి. నల్లమల చెంచులు సేకరించే తేనెపట్టులో మిగిలేది ఆ సరుకే. పెట్రోలియం నుంచి తీసే పారఫిన్ ఇంకా మెత్తన, ఇంకా చవక. బియ్యపు తవుడు నూనె శుద్ధి చేసేటప్పుడు బయటపడే తవుడు మైనం మాత్రం 80 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది, కార్నౌబాకు దగ్గరి చుట్టం. వరి పండించే సీమ అయినా తెలుగునాట దీని మీద దృష్టి పెట్టాల్సినంత పెట్టలేదనే చెప్పాలి.

మొక్కల మైనాలు, తేనెమైనం కాకుండా ఫ్యాక్టరీలో తయారైనవి రెండోరకం. వీటిని వ్యాక్స్ అని పిలిచినా సరైన పేరు సీలెంట్. పాలిమర్లు, అమైన్ గుణమున్న సిలికోన్లు క్లియర్‌కోట్‌ను గట్టిగా పట్టుకుంటాయి. కార్నౌబా వ్యాక్స్ ఆయుష్షు ఆరు నుంచి ఎనిమిది వారాలనుకుంటే సీలెంట్ నాలుగు నుంచి ఆరు నెలలు. మూడోరకం సిరామిక్ కోటింగ్: సిలికా ఆధారంగా గట్టిపడే పూత, ఏళ్ళ తరబడి ఉంటుందని అమ్ముతారు. దాని ప్రకటనల్లో కనిపించే ‘9హెచ్’ అనేది పెన్సిల్ గీత పరీక్షలోని గట్టితనం. ఖనిజాల గట్టితనం కొలిచే మోహ్స్ కొలతలో తొమ్మిది కాదు. దారి దుమ్ములోని ఇసుక రేణువుకు మోహ్స్ గట్టితనం ఏడు ఉంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే 9హెచ్ పూత మీదా గీతలు పడతాయి.

వ్యాపారం చరిత్ర చూస్తే, ఈ సరుకుకు నూరేళ్ళు దాటాయి. అమెరికాలో మెగ్వైర్స్ 1901లో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలై కార్ల వైపు తిరిగింది. షికాగోలో బెన్ హిర్ష్ 1940ల్లో మొదలుపెట్టిన వ్యాపారం టర్టిల్ వ్యాక్స్‌గా పేరుకెక్కింది. మన దేశంలో వ్యాక్స్‌పాల్ డబ్బా పాత కార్ల యజమానులందరికీ గుర్తుంటుంది. ఇప్పుడు 3ఎం, ఫార్ములా 1, టర్టిల్ వ్యాక్స్, మెగ్వైర్స్ అన్నీ ఫోనులోనే ఆర్డరు పెట్టుకోవచ్చు. నూజెండ్లకైనా నాలుగు రోజుల్లో వస్తాయి.

తెలుపు

పల్నాటి దారుల్లో తెలుపే రాజు. నాయకుల కార్ల నుంచి బాడుగ కార్ల దాకా అదే. ఎండకు తక్కువ వేడెక్కడం, దుమ్ము తొందరగా కంటబడకపోవడం, మళ్ళీ అమ్మేటప్పుడు బేరం తెగడం దీనికి కారణాలు. తెలుపు టైటానియం డయాక్సైడ్ వల్ల వస్తుంది. అది వెలుతురును లోపలికి పోనివ్వకుండా వెనక్కి చిమ్ముతుంది. అందుకే తెల్ల కారులో ‘లోతు’ కనపడదు. ఖరీదైన కార్నౌబా పెట్టినా పెట్టకపోయినా పది అడుగుల దూరం నుంచి తేడా పట్టడం కష్టం. తెలుపు మీద డబ్బు పెట్టాల్సింది మెరుపుకు కాదు, మరక పట్టకుండా చూడటానికి. సీలెంటే సరైన మాట.

తెలుపును చెడగొట్టేవి మూడు. రోడ్డు పనుల దగ్గర చక్రాల వెనక చిమ్మిన తారు చుక్కలు ఒకటి. రెండోది సన్నటి ఇనుప రజను: బ్రేకుల నుంచి రాలి రంగులో గుచ్చుకుని తుప్పుపట్టి గోధుమరంగు చుక్కలవుతుంది. చూసినవాళ్ళు కారు తుప్పు పడుతోందని కంగారుపడతారు, నిజానికి తుప్పు పైనే ఉంటుంది. వేలిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కడిగిన బానెట్ మీద నెమ్మదిగా జరిపితే ఇసుక కాగితంలా తగులుతుంది. దాన్ని తియ్యడానికి క్లే బార్ అనే బంకమట్టి ముద్ద దొరుకుతుంది. సబ్బునీటితో తడుపుతూ జరపాలి. ఈ పని చెయ్యకుండా పైన వ్యాక్స్ పెడితే రజనును లోపల దాచిపెట్టినట్టే.

మూడోది మన సొంతం. దసరాకో, కొత్త కారు కొన్న రోజునో బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గీసి కుంకుమ బొట్లు పెడతాం. పచ్చిపసుపు ముద్ద ఎండిపోయి వారం ఉంటే తెలుపు మీద నీడలా మిగులుతుంది. పసుపు మరకకు ఎండే విరుగుడు. వెలుతురుకు పసుపులోని రంగు పదార్థం విరిగిపోతుంది గనుక కొన్నిరోజుల్లో అదే పలచబడుతుంది. కుంకుమ అలా పోదు, ఈమధ్య బజారులో దొరికే కృత్రిమ రంగులు కలిపినదైతే అసలు పోదు. పూజకు రెండు రోజుల ముందు బానెట్ మీద సీలెంట్ పూసి ఉంచితే, దేవుడి బొట్టు దేవుడికి దక్కుతుంది, తర్వాత తడి గుడ్డకు మరక వదిలొస్తుంది.

నలుపు

నల్ల కారు కొనేవాడు ఓపిక కూడా కొనుక్కోవాలి. పగలు చెట్టు నీడలో చూస్తే చక్కగా ఉంటుంది. సాయంత్రం పెట్రోలు బంకులో తెల్లటి లైట్ల కింద ఆపితే, దీపం చుట్టూ సాలెగూడు అల్లినట్టు గుండ్రటి గీతలన్నీ బయటపడతాయి. అవి నిజానికి అన్ని దిక్కులకూ పోయిన గీతలే. లైటు వైపు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి గుండ్రంగా కనిపిస్తాయి. డ్రైవరు రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో దులిపిన గుర్తులు అవి. తెల్ల కారు మీదా అన్నే ఉంటాయి, కంటికి కనపడవంతే.

అందమైన వ్యాక్స్‌కు అర్థం ఉన్నది నలుపు మీదే. కార్నౌబా పొర సన్నటి గీతల్లోకి దిగి పూడుస్తుంది. దాని వక్రీభవన గుణకం క్లియర్‌కోట్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి గీత అంచున వెలుతురు చెదరడం తగ్గుతుంది. రంగు తడిసినట్టు నిగనిగలాడుతుంది. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, మెరూన్ కూడా ఈ కోవలోవే. నల్లటి రంగు కలిపిన వ్యాక్స్‌లు గీతలను ఇంకా బాగా దాస్తాయి గాని రెండు కడుగులతో దాచినవన్నీ బయటికొస్తాయి. పెళ్ళిచూపులకు పౌడరు రాసుకున్నట్టుంటుంది ఆ సొగసు.

నలుపుకు ఇంకో శత్రువు వేడి. మే నెలలో మధ్యాహ్నం నల్ల బానెట్ వేడి 70 డిగ్రీలు దాటొచ్చు. కార్నౌబా కరిగేది 82 దగ్గరే అయినా డబ్బాలోది ఒట్టి కార్నౌబా కాదు కనుక అంతకంటే ముందే మెత్తబడుతుంది. మెత్తబడ్డ మైనం దుమ్మును పట్టుకుంటుంది. అందుకని పల్నాడులో నల్ల కారుకు కార్తీకం నుంచి మాఘం దాకా కార్నౌబా పెట్టి, ఎండాకాలం మొదలయ్యేసరికి సీలెంట్‌కు మారడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రెండూ కావాలనుకునేవాళ్ళు ముందు సీలెంట్ పూసి, ఒక రోజు ఆగి, దాని మీద కార్నౌబా పెట్టుకోవచ్చు. తిరగేసి పెడితే సీలెంట్‌కు పట్టు దొరకదు.

ఎరుపు, వెండి, ముత్యపు మెరుపు

ఎర్ర కార్లకు క్లియర్‌కోట్ ఉంటే భయం లేదు. నలుపుకు చెప్పిందే వాటికీ, కొంచెం తక్కువ పట్టింపుతో. ఎరుపులో అసలు సమస్య ట్రాక్టర్లది. రంగుపొడుల్లో ఎర్రవి ఎండకు తొందరగా లొంగుతాయి. ఒకే పొర పూత కాబట్టి మూడు నాలుగు వేసవులకు బానెట్ పైభాగం గులాబీరంగుకు దిగి, సున్నం కొట్టినట్టవుతుంది. దీనికి వ్యాక్స్ ఒక్కటే పూస్తే తడిపినంతసేపే ఎర్రగా ఉంటుంది. ముందు క్లీనర్ పాలిష్‌తో చచ్చిన పొరను తీసి, నూనెల పాలు ఎక్కువున్న ముద్ద వ్యాక్స్ ధారాళంగా పూసి రాత్రంతా వదిలేయాలి. ఎండిన పూత వాటిని పీల్చుకుంటుంది. పల్చటి సీలెంట్లు ఇక్కడ అంతగా పనిచెయ్యవు. డీజిల్ గుడ్డతో తుడిస్తే మెరుస్తుందని చాలామంది అదే చేస్తారు. మెరుస్తుంది, నిజమే, పొలం గట్టు దాటేదాకా. ఆపైన ఆ నూనెకు మిరపచేలో దుమ్మంతా అతుక్కుంటుంది, రబ్బరు బీడింగులు ఉబ్బుతాయి.

వెండి, బూడిద, కంచురంగు మెటాలిక్ కార్ల బేస్‌కోట్‌లో అల్యూమినియం పొరకలు ఉంటాయి. ముత్యపు రంగులో మైకా పొరకలు. నూజెండ్లకు దక్షిణాన చీమకుర్తిలో తీసే గెలాక్సీ గ్రానైట్‌ను చూసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు: నల్లరాయిలో బంగారు చుక్కలు ఎలా మెరుస్తాయో, క్లియర్‌కోట్ కింద పొరకలు అలా మెరుస్తాయి. గ్రానైట్ పలకకు అద్దంలా సాన పడితేనే చుక్కలు పలుకుతాయి. పైన జిడ్డుంటే మసకబారతాయి. కార్నౌబా తెచ్చే ‘తడి’ మెరుపు పొరకల మెరుపును ఒకింత మెత్తబరుస్తుంది. సీలెంట్, సిరామిక్ కోటింగుల గాజు మెరుపులో ప్రతి పొరకా విడిగా కనిపిస్తుంది. వెండి రంగుకు మరకా గీతా త్వరగా తెలియవు. బద్ధకస్తులకు దీన్ని మించిన రంగు లేదు, ఏ సీలెంటైనా సరిపోతుంది.

పసుపు, నారింజ కార్లు మన దారుల్లో తక్కువ. వాటికి ఎరుపు నియమమే.

మ్యాట్: పెట్టకపోవడమే ఎంపిక

ఈ వ్యాసంలో తప్పనిసరిగా గుర్తుంచుకోవలసిన మినహాయింపు ఒకటుంది, అది తెలుగు నేల మీద తయారైన ఒక కారుకూ వర్తిస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ 2019 నుంచి సెల్టోస్ కార్లు తయారుచేస్తోంది. 2021లో వచ్చిన సెల్టోస్ ఎక్స్‌లైన్‌కు మ్యాట్ గ్రాఫైట్ రంగు ఇచ్చారు, ముట్టుకుంటే పట్టులా తగిలే, మెరవని బూడిదరంగు. తర్వాత మరికొన్ని కంపెనీలూ అదే దారి పట్టాయి.

మ్యాట్ కారుకూ క్లియర్‌కోట్ ఉంది. కాకపోతే అందులో సన్నటి సిలికా రేణువులు కలిపి పై తలాన్ని కావాలనే గరుకుగా ఉంచుతారు. మాచర్ల నాపరాయి అరుగు సానబట్టకముందు ఉన్నట్టు. ఆ గరుకు మీద పడ్డ వెలుతురు అన్ని దిక్కులకూ చెదురుతుంది, అందుకే మెరుపుండదు. ఇప్పుడు దీని మీద వ్యాక్స్ పెడితే గుంటలు పూడి అక్కడక్కడా జిడ్డు మచ్చల్లా మెరుస్తుంది. పాలిష్ పెడితే ఇంకా ప్రమాదం: గరుకు మిట్టలు అరిగి ఆ చోటు శాశ్వతంగా నిగనిగలాడుతుంది, మళ్ళీ ప్యానల్ మొత్తం రంగు వేయించడం తప్ప దారి లేదు. మిషను బ్రష్షులతో కడిగించడం, ఒకేచోట గట్టిగా రుద్దడం కూడా కూడదు. మ్యాట్‌కు ప్రత్యేకించిన స్ప్రే సీలెంట్ మాత్రమే వాడాలి. పిట్ట రెట్ట పడితే తడి గుడ్డ వేసి నాననిచ్చి ఎత్తాలి. షెడ్డులో బండి వదిలేటప్పుడు ‘దీనికి వ్యాక్స్ వద్దు’ అని చెప్పి, వీలైతే స్టీరింగ్‌కు చీటీ కూడా అంటించి రావాలి. ప్యాకేజీలో వ్యాక్స్ ఉచితమని వాళ్ళు ప్రేమగా పూసిస్తారు. మెరుపు కారుకు మ్యాట్ స్టిక్కరు చుట్టించిన వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

సున్నం, బోరు నీళ్ళు

తామరాకు మీద నీటిబొట్టు సామెత మనది. ఆ బొట్టు నిలవడానికి కారణం ఆకు మీది సన్నటి మిట్టలు, వాటి మీది మైనం. చేమాకు మీదా అంతే. కారు వ్యాక్స్ ప్రకటనల్లో బానెట్ మీద ముత్యాల్లా నిలిచిన నీటి బొట్లు చూపించి ఆశపెడతారు. వాన నీటికి అది అందమే. బోరు నీళ్ళతో కడిగిన కారు మీద మాత్రం ఆ ముత్యాలే ముప్పు. ఎండకు బొట్టు ఎగిరిపోగా అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గుండ్రటి తెల్ల మచ్చగా మిగులుతాయి. కొన్నాళ్ళుంటే క్లియర్‌కోట్‌ను తినేస్తాయి. నల్ల కారు మీద ఇవి మశూచి మచ్చల్లా ఉంటాయి. కాబట్టి కఠిన జలం ఉన్న ఊళ్ళో బొట్లు నిలిపే వ్యాక్స్ కంటే నీటిని తెరలా జార్చేసే సీలెంట్ మేలు. అంతకంటే మేలైన పని చివరి కడుగుకు బోరు నీళ్ళు వాడకపోవడం. ఊరి ఆర్‌వో ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాను ఒకటి చాలు, మగ్గుతో పైనుంచి నెమ్మదిగా పోసి మెత్తటి తువ్వాలుతో అద్దాలి. తాగే నీళ్ళు కారుకా అని పెద్దవాళ్ళు కోప్పడితే, అది వినాల్సిన మాటే. అప్పుడు నీడలో కడిగి వెంటనే తడి ఒత్తేయడమే ఉపాయం.

సున్నపు దుమ్ము, సిమెంటు దుమ్ము మరో రకం. ఇవి క్షార గుణమున్నవి. పొడిగా ఉన్నంతసేపు ఊదితే పోతాయి. మంచు పడ్డ రాత్రి తడిసి, పొద్దున ఎండితే గట్టిపడి అతుక్కుంటాయి. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు రోజూ తిరిగే బండికి ఇది నిత్యబాధ. పొడిగుడ్డ వేశామా, అదే ఇసుక కాగితం. ముందు ధారాళంగా నీళ్ళు కొట్టాలి, మిగిలిన తెల్లటి పొరను నీళ్ళలో పల్చబరచిన వెనిగర్‌తో తడిపి నెమ్మదిగా కరిగించి, మళ్ళీ నీళ్ళతో బాగా కడగాలి. ఇలా చేశాక ఉన్న వ్యాక్స్ కొంత పోతుంది, మళ్ళీ పెట్టుకోవాలి. బట్టల సర్ఫుతో కడిగినా అంతే. మురికి కంటే ముందు మైనం వదులుతుంది.

పూసే తీరు

వేళ చూసుకోవాలి. ఎండాకాలం నూజెండ్లలో పొద్దున ఏడు దాటితే రేకు కాలుతుంది, వేడి రేకు మీద వ్యాక్స్ వెంటనే గట్టిపడి తుడవడానికి రాదు. తెల్లవారుజామున గాని, వాకిట్లో నీడ వాలాక రేకు చల్లబడ్డాక గాని చెయ్యాలి. చెయ్యి ఆనించి పది అంకెలు లెక్కపెట్టగలిగితే చల్లగా ఉన్నట్టు. వేపచెట్టు కిందైతే పూత, కాయల రోజుల్లో జిగురు రాలుతుంది. అలాంటప్పుడు రేకుల షెడ్డే నయం.

కడిగి ఆరబెట్టిన బానెట్ మీద, మెత్తటి స్పాంజికి చింతగింజంత వ్యాక్స్ తీసుకుని సగం బానెట్‌కు పట్టించాలి. ఎక్కువ పెడితే ఎక్కువ మెరుస్తుందనుకోవడం పొరపాటు. తుడిచేటప్పుడు గుడ్డకు పోయేదే ఎక్కువ. పలచగా పూశాక నాలుగైదు నిమిషాలకు బూడిద చల్లినట్టు మసకబారుతుంది. చూపుడువేలితో ఒక గీత గీయాలి. గీత కింద రంగు శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు. వేలికి జిడ్డుగా అంటుకుని గీత పూడుకుపోతుంటే ఇంకా ఆగాలి. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ, రెండు వైపులా తిప్పుతూ. కింద పడ్డ గుడ్డను మళ్ళీ కారు మీద పెట్టకూడదు, ఎంత దులిపినా సరే. నల్లటి ప్లాస్టిక్ బంపర్లకు, బీడింగులకు వ్యాక్స్ అంటితే తెల్లగా పేరుకుంటుంది. ముందే టేపు అంటిస్తే తర్వాత టూత్‌బ్రష్‌తో గీక్కునే పని తప్పుతుంది. స్టిక్కరు మీద దేవుడి పేరున్నా అభిమాన హీరో పేరున్నా దాని అంచుల్లోనూ ఇదే తంటా.

ఇక, కొత్తగా రంగు వేయించిన బండి. ఫ్యాక్టరీలో పూతను 140 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు, కారు చేతికొచ్చేసరికి రంగు పూర్తిగా గట్టిపడి ఉంటుంది. ఊళ్ళో షెడ్డులో టింకరింగ్ చేసి వేసిన రంగు గాలికి ఆరేదే. పైకి గట్టిగా ఉన్నా లోపలి ద్రావకాలు వారాల తరబడి ఎగురుతూ ఉంటాయి. వాటికి దారి మూస్తే రంగు మెత్తబడుతుంది, మసకబారుతుంది. నెల నుంచి మూడు నెలల దాకా ఆ ప్యానల్‌కు వ్యాక్స్, సీలెంట్, సిరామిక్ ఏదీ పెట్టకూడదు. రంగు వేసిన రోజునే ‘ఫ్రీగా’ పాలిష్ కొట్టిస్తామంటే వద్దనాలి. ఆ ఒక్క డోరు మిగతా కారు కంటే మసకగా కనిపించినా ఆ మూడు నెలలూ ఒట్టి నీళ్ళతోనే కడుక్కోవాలి.